అంత వాన పడే పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి రోజూ ఎందుకు రాదు?

ప్రశ్న అడిగిన మిత్రులు బ్యాంకు బదిలీ మీద ఫిబ్రవరిలో శ్రీకాకుళం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సకుటుంబంగా వెళ్తున్నారు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే దీవిలో మున్సిపల్ కుళాయి రెండు మూడు రోజులకు ఒకసారి వస్తుందని విన్నారట. అది నిజమేనా, నిజమైతే కారణం ఏమిటి, ఇల్లు ఏ పేటలో తీసుకోవాలి, నీటి ఇబ్బంది వస్తే మున్సిపాలిటీని అడగాలా ప్రభుత్వాన్ని అడగాలా అన్నవి వారి సందేహాలు. అక్కడి నీటి సరఫరా పనుల్లో ఇరవై రెండేళ్లు ఇంజినీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు. నేను పాత అలవాటు కొద్దీ పోర్ట్ బ్లెయిర్ అనే అంటాను.

ముందు సూటిగా జవాబు. మీరు విన్నది నిజమే. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్లు వస్తే అది మంచి సంవత్సరం కింద లెక్క. కొన్నిసార్లు మూడు నాలుగు రోజులు కూడా పడుతుంది. అక్కడ కొరత వానకు కాదు, వాన నీటిని నిలిపే చోటుకు. అందుచేత ఇల్లు చూసేటప్పుడు పేట కన్నా, సముద్రం కనిపించే కిటికీ కన్నా ముందు నీటి ట్యాంకు ఎంత పెద్దదో, ఆ ఇల్లు కొండవాలు మీద ఏ ఎత్తున ఉందో చూసుకోండి. ఇక ఎవరిని అడగాలన్న ప్రశ్నకు జవాబు మీ ఇల్లు మున్సిపాలిటీ 24 వార్డుల లోపల ఉందా, బయట ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

మీరు నాగావళి ఒడ్డున పెరిగినవారు కాబట్టి మీ ఊరితో పోలిస్తే విషయం త్వరగా అర్థమవుతుంది. శ్రీకాకుళంలో ఏడాదికి పడే వానకు పోర్ట్ బ్లెయిర్ వాన సుమారు రెండున్నర రెట్లు. అయినా మీ దగ్గర వాన వెలిసిన చాలా కాలం వరకు నీరు దొరుకుతూనే ఉంటుంది. ఎందుకంటే నాగావళి ఎక్కడో ఒడిశా కొండల్లో పుట్టి, వందల కిలోమీటర్ల దారిలో నీటిని పోగుచేసుకుంటూ మీ దాకా వస్తుంది. ఏరు ఎండిపోయినట్టు కనిపించినా ఇసుకలో చెలమ తవ్వితే నీరు ఊరుతుంది. దక్షిణ అండమాన్ దీవికి ఆ భాగ్యం లేదు. దీవి వెడల్పు ముప్ఫై కిలోమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. ఊరికి ఎదురుగా ఖాడీ, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, అవతల ఉన్న మౌంట్ హారియట్, అంటే 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన కొండ, మూడు వందల అరవై మీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది. అంత ఎత్తు నుంచి నేల కొద్ది దూరంలోనే సముద్ర మట్టానికి దిగిపోతుంది. దక్షిణ అండమాన్‌లో నది అనదగ్గది లేదు. ఉన్నవన్నీ కొద్ది కిలోమీటర్ల పొడవుండే వాగులు, అక్కడి భాషలో నల్లాలు. రాత్రి కురిసిన వాన మధ్యాహ్నానికి సముద్రంలో ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

పైకి పారిపోయేది పోగా భూమిలోకైనా ఇంకుతుందా అంటే అదీ అంతంత మాత్రమే. నేల అడుగున ఇసుకరాయి, గట్టిపడిన బంకమట్టి పొరలు ఒకదానిపై ఒకటి ముడతలు పడి ఉంటాయి. వాటిలో నీరు నిలిచే సందులు తక్కువ. బోరు వేస్తే మొదటి నెల చూపించే ఉత్సాహాన్ని మూడో నెలలో చూపించదు. ఒడ్డుకు దగ్గర బావి తవ్వి ఎక్కువగా తోడితే ఉప్పు తగులుతుంది. ఊళ్లో దిల్‌తమాన్ ట్యాంకు లాంటి పాత చెరువులు, బావులు కొన్ని ఉన్నాయి గానీ అవి గడ్డురోజుల్లో ఆదుకునేవే తప్ప ఊరికి సరిపోయేవి కావు.

మిగిలింది ఆనకట్ట. ఊరికి ప్రధానమైన నీటి ఆధారం 1973లో కట్టిన ధనిఖరి డ్యామ్. కొండల మధ్య అడవి లోయలో నల్లాకు అడ్డంగా కట్టిన చిన్న కాంక్రీటు ఆనకట్ట అది. ఊరు పెరిగిన కొద్దీ చాలక తరువాత దాని ఎత్తు పెంచే పని చేపట్టారు. ఇంకో డ్యామ్ కట్టవచ్చు కదా అని కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ మొదటి సమావేశంలో అడిగేవారు. లోయ దొరికితే అది అడవిలో ఉంటుంది. దీవుల భూభాగంలో ఎనభై శాతానికి పైగా అడవే, అందులో చాలా భాగం రక్షిత ప్రాంతం. అనుమతులకే ఏళ్లు పడుతుంది. దక్షిణాన ఉన్న రట్లాండ్ దీవి నుంచి సముద్రం అడుగున గొట్టం వేసి నీళ్లు తేవాలన్న ఆలోచనను నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనూ విన్నాను, దిగిపోయే ఏడాదిలోనూ విన్నాను.

ఇప్పుడు వాతావరణం సంగతి. ఊరు ఉన్నది ఉత్తర అక్షాంశం 11 డిగ్రీల 40 నిమిషాల దగ్గర. ఏడాది పొడుగునా ఉష్ణోగ్రత 23 నుంచి 32 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. మన వైపు మే నెలలో వీచే వడగాలి అక్కడ తెలియదు, కానీ గాలిలో తేమ వల్ల ఉతికిన బట్ట ఆరదు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరవుతుంది, ఇనుప రేకు మూడేళ్లకే తుప్పు పడుతుంది. నైరుతి రుతుపవనం దేశంలో అందరికన్నా ముందు పలకరించేది ఈ దీవులనే. సాధారణంగా మే మూడో వారానికి అక్కడ మేఘం దిగుతుంది. సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తరువాత డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వర్షాన్నిస్తాయి. అంటే ఏడెనిమిది నెలలు వానే. అసలు ఇబ్బంది మిగతా నాలుగు నెలలది. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలూ కలిపినా ఏడాది వానలో ఇరవయ్యో వంతు కూడా పడదు. పర్యాటకులు ఎక్కువగా వచ్చేదీ, హోటళ్లు నిండేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. మీరు ఫిబ్రవరిలో చేరుతున్నారు కాబట్టి ఊరి కష్టాన్నే ముందు చూస్తారు. దాన్ని చూసి ఊరి మీద తీర్పు చెప్పేయకండి.

తుపానుల గురించి మీరు అడగలేదు గానీ, శ్రీకాకుళం వారికి చెప్పకుండా ఉండలేను. మన తీరాన్ని కొట్టే తుపానుల్లో చాలా వాటి బాల్యం అండమాన్ సముద్రంలోనే గడుస్తుంది. అక్కడ అవి ఇంకా బలం పుంజుకునే దశలో ఉంటాయి కాబట్టి సాధారణంగా దీవులకు నష్టం తక్కువ, కోస్తాకు ఎక్కువ. 2013 నవంబరులో లెహర్ తుపాను పోర్ట్ బ్లెయిర్ దగ్గర తీరం దాటి, తరువాత మచిలీపట్నం వైపు వచ్చేసరికి బలహీనపడింది. అది మినహాయింపు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 8న మధ్య అండమాన్‌లోని లాంగ్ ఐలండ్ దగ్గర దీవులను దాటింది. ఆ రోజు విశాఖలోని మా చెల్లెలు ఫోన్ చేసి, అన్నయ్యా మీరెలా ఉన్నారు అని కంగారుపడింది. నాలుగు రోజుల తరువాత, 12న, అదే తుపాను విశాఖను కొట్టినప్పుడు నేను ఎన్నిసార్లు చేసినా వాళ్ల ఫోన్ మోగలేదు. ఈ తుపాను రోజుల్లో కుళాయికి వచ్చే ఇబ్బంది వేరు. కొండల నుంచి దిగే నీరు ఎర్రటి మట్టితో వస్తుంది, శుద్ధి చేసే చోట వేగం తగ్గించాల్సి వస్తుంది. అంటే డ్యామ్ నిండుగా ఉండి కూడా ఒకటి రెండు రోజులు సరఫరా తగ్గవచ్చు. ఓడలు కూడా ఆగిపోతాయి కాబట్టి కూరగాయల ధర చూసి భయపడకండి, వాతావరణం తేలికపడగానే దిగుతుంది.

ఇక పరిపాలన. మన రాష్ట్రం నుంచి వెళ్లినవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. అండమాన్ నికోబార్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. ముఖ్యమంత్రి లేరు, ఎమ్మెల్యేలు లేరు, లోక్‌సభకు ఒకే ఒక్క స్థానం ఉంది. లెఫ్టినెంట్ గవర్నర్ నడిపే యంత్రాంగాన్ని అక్కడ అందరూ అడ్మినిస్ట్రేషన్ అంటారు. శాసనసభ లేదు కాబట్టి మున్సిపల్ చట్టం కూడా రాజ్యాంగంలోని 240వ అధికరణం కింద రాష్ట్రపతి చేసిన రెగ్యులేషన్ రూపంలోనే ఉంది. 1957లో బోర్డుగా మొదలైన మున్సిపాలిటీ, 1994 నాటి ఆ రెగ్యులేషన్‌తో ఇప్పటి కౌన్సిల్ రూపానికి వచ్చింది. మొత్తం దీవులన్నిటికీ ఉన్న మున్సిపాలిటీ ఇదొక్కటే. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు కాగా, అందులో లక్షకు పైగా ఈ ఊళ్లోనే ఉన్నారు. ఒకప్పుడు 18 వార్డులు, సుమారు 18 చదరపు కిలోమీటర్లుగా ఉన్న పరిధిని 2015లో చుట్టుపక్కల గ్రామాలను కలిపి 24 వార్డులకు, 41 చదరపు కిలోమీటర్లకు పెంచారు. గొట్టాలు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. గారచర్మ, ప్రోత్రాపూర్ వంటి పేటలు అలా ఊరితో కలిసినవే. 2016 మేలో మన వరంగల్‌తో పాటే ఈ ఊరినీ స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చారు.

నీటి విషయంలో పని రెండు చేతుల మధ్య ఉంటుంది. డ్యామ్ నుంచి నీటిని తెచ్చి శుద్ధి చేసి పెద్ద ట్యాంకుల దాకా చేర్చేది ప్రజాపనుల శాఖ, వార్డుల్లో వంతులవారీగా వాల్వు తిప్పి మీ ఇంటికి పంచేది మున్సిపల్ కౌన్సిల్. ఆ శాఖను అక్కడ ఏపీడబ్ల్యూడీ అంటారు. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు దాన్ని ఆంధ్రప్రదేశ్ శాఖ అనుకుని సంబరపడటం నేను చాలాసార్లు చూశాను. ఆ మొదటి అక్షరాలు అండమాన్‌వి. ఈ విభజన తెలిస్తే మీ ఫిర్యాదు దారి తప్పదు. మీ వీధి అంతటికీ నీళ్లు రాలేదంటే అది సాధారణంగా పైనుంచి వచ్చే సరఫరా సంగతి. పక్కింటికి వచ్చి మీకు రాలేదంటే అది వార్డు స్థాయి పని, మున్సిపల్ కార్యాలయంలో చెప్పాలి, లేదా మీ కౌన్సిలర్‌కు చెప్పాలి. ఒక్కో వార్డులో ఓటర్లు కొద్ది వేలమందే కాబట్టి అక్కడ కౌన్సిలర్ నిజంగానే ఫోన్ ఎత్తుతారు. ఎమ్మెల్యే లేని చోట జనం బరువంతా ఆయన మీదో ఆమె మీదో పడుతుంది. చెత్త, వీధి దీపాలు, ఆస్తి పన్ను, ఇంటి ప్లాను అనుమతి కూడా మున్సిపాలిటీవే. కరెంటు, ఆసుపత్రి, బడులు అడ్మినిస్ట్రేషన్‌వి. మీరు ఖాడీ అవతల బాంబూఫ్లాట్ వైపు అద్దె తక్కువని వెళ్తే అది పంచాయతీ పరిధి. అక్కడ మున్సిపాలిటీకి సంబంధమే లేదు, పైగా ఊళ్లోని చాథం రేవుకు రోజూ ఫెర్రీ ఎక్కి రావాలి.

భాష గురించి బెంగ వద్దు. కార్యాలయాల్లో, బజారులో హిందీ నడుస్తుంది, కానీ 2011 లెక్కల ప్రకారం దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. అంటే ఎనిమిది మందిలో ఒకరు. వారిలో ఎక్కువమంది మీ జిల్లా నుంచీ, విశాఖ నుంచీ వెళ్లినవారి సంతతే. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర నిలబడితే శ్రీకాకుళం యాసే వినిపిస్తుంది. 2022 మున్సిపల్ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ 2 వార్డులు గెలిచింది, 2023 మార్చిలో ఆ పార్టీ కౌన్సిలర్ ఎస్. సెల్వి బీజేపీ మద్దతుతో చైర్‌పర్సన్ అయ్యారు. మా వీధిలో వాల్వు తిప్పే మనిషి సోంపేట వైపు వాడు. మిమ్మల్ని తెలుగులో పలకరించేవాడు ఎదురైతే ఆశ్చర్యపోకండి, వంతు మాత్రం ముందుకు జరపడు.

ఇప్పుడు ఇల్లు. నేను చేసిన తప్పే ముందు చెబుతాను. మొదటి ఏడాది కొండ పైభాగాన రెండో అంతస్తులో ఇల్లు తీసుకున్నాను. కిటికీ తెరిస్తే సముద్రం, వెనక కొబ్బరి చెట్లు. నీటి ఇంజినీరునై ఉండి కూడా గొట్టంలో ఒత్తిడి ఆ ఎత్తుకు చేరుతుందా అని ఆలోచించలేదు. ఆ వేసవిలో మా వీధికి తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్లు వదిలేవారు. కింది ఇళ్ల వాళ్ల ట్యాంకులు నిండేదాకా మా కుళాయిలో గాలి మాత్రమే బుసకొట్టేది. వాళ్లు నిండించుకున్నాక సన్నటి ధార వచ్చేది, బిందె సగం నిండగానే వాల్వు కట్టేసేవారు. మా ఆవిడ ఆ అర బిందెను నా ముందు పెట్టి ఏమీ అనలేదు. మరుసటి నెలలో వాలు మధ్యలో ఉన్న ఇంటికి మారిపోయాం.

అలాగని మరీ కిందికి కూడా వెళ్లకండి. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ కొంత పైకి లేస్తే, పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. మీటరే కదా అనిపిస్తుంది. సిప్పీఘాట్ వెళ్లే దారిలో ఒకప్పుడు వరి పండిన పొలాల్లో ఆ తరువాత పోటు నీరు వచ్చి నిలిచిపోయింది. అక్కడ ఎండి మోడులైన చెట్లు నీళ్లలో నిలబడి ఉండటం చూస్తే మీటరు అంటే ఎంతో తెలుస్తుంది. దీవులన్నీ దేశంలో భూకంపాల ముప్పు అత్యధికంగా ఉన్న జోన్‌లో ఉన్నాయి. నేల అలా కుంగినందువల్ల పల్లంలో, ఖాడీ అంచున ఉన్న ఇళ్లలో పౌర్ణమి, అమావాస్య పోట్ల నాడు మురుగు కాలువ వెనక్కి తన్నుతుంది. వాలు మధ్యన, రెండు మూడు అంతస్తులకు మించని కట్టడం అన్ని విధాలా మేలు. నా అనుభవంలో డెలానీపూర్, హడ్డో, షాదీపూర్ వంటి పాత పేటల్లో గొట్టాలు పాతవే అయినా వంతు క్రమం తప్పదు. 2015 తరువాత కలిసిన శివార్లలో ఇల్లు విశాలంగా, అద్దె తక్కువగా ఉంటుంది కానీ ట్యాంకరు మీద ఆధారపడాల్సి రావచ్చు.

ట్యాంకు ఎంత ఉండాలో ఒక లెక్క వేసుకోండి. మీరు నలుగురు. మనిషికి రోజుకు 100 లీటర్లు చొప్పున పొదుపుగా వాడితే రోజుకు 400 లీటర్లు. నాలుగు రోజులకు ఒకసారి కుళాయి వస్తుందనుకున్నా 1,600 లీటర్లు, ఒక వంతు తప్పిపోయిందనుకుంటే దానికి రెట్టింపు. 3,000 లీటర్ల నిల్వ లేని ఇల్లు నలుగురికి చాలదు. అందులో కనీసం సగం నేల మట్టంలోనో, నేల కిందనో ఉండాలి. మిద్దె మీద ఎంత పెద్ద సింటెక్స్ పెట్టినా, దాన్ని నింపేంత ఒత్తిడి గొట్టంలో ఉండదు. కింద సంప్‌లో పట్టుకుని మోటారుతో పైకి ఎక్కించుకోవాలి. మోటారును నేరుగా వీధి గొట్టానికి తగిలించే ఘనులు అక్కడా ఉన్నారు. అది నేరం సంగతి అటుంచి, గొట్టంలో నీరు లేనప్పుడు పక్కనున్న మురుగును లోపలికి లాగుతుంది. నీళ్లు వాసన వస్తున్నాయన్న ఫిర్యాదుల మీద వెళ్లి చూస్తే చాలాసార్లు కారణం అదే అయ్యేది.

చూరు నీళ్ల గురించి కూడా చూడండి. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి పడే వాన మూడు లక్షల లీటర్లు. వృథా పోగా రెండు లక్షల పైచిలుకు పట్టుకోవచ్చు, మీ ఇంటికి ఏడాదికి కావలసింది లక్షా నలభై ఆరు వేలే. కాగితం మీద చూస్తే కుళాయే అక్కరలేదు. కానీ వాన లేని వంద రోజులకు దాచుకోవాలంటే నలభై వేల లీటర్ల తొట్టి కావాలి. సిమెంటూ ఇనుమూ ఓడ మీద వచ్చే చోట ఏ ఇంటి యజమానీ అంత తొట్టి కట్టడు. కాబట్టి చూరు నీరు వేసవిని గట్టెక్కించదు. అయితే మే చివర నుంచి డిసెంబరు దాకా బట్టలకూ, బాత్రూముకూ అది చాలు, కుళాయి నీటిని వంటకూ తాగడానికీ ఉంచుకోవచ్చు. మేం చివరి పదేళ్లూ అలాగే గడిపాం. మొదటి రెండు వానల నీటిని వదిలేయాలి, కప్పు మీది ఆకూ పక్షి రెట్టా కొట్టుకుపోయాకే గొట్టాన్ని తొట్టిలోకి మళ్లించాలి. రేకు తుప్పు పట్టి ఉంటే ఆ నీరు బట్టలకు కూడా పనికిరాదు, మరక పోదు.

ఇంకో చిన్న విషయం. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి పది డిగ్రీల తూర్పున ఉంది, అంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. జూన్‌లో అయిదింటికే తెల్లవారుతుంది, డిసెంబరులో సాయంత్రం అయిదు దాటగానే పొద్దు కుంకుతుంది. నాలుగున్నరకు లేచి నీళ్లు పట్టుకోవడం వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, వారం రోజుల్లో ఒళ్లు దానికి అలవాటు పడుతుంది.

సామాను విశాఖ ఓడలో వేయాలనుకుంటే ముందుగా తేదీలు కనుక్కోండి. అది సుమారు నెలకొకసారే ఉంటుంది, ప్రయాణం రెండున్నర రోజులకు దగ్గరగా పడుతుంది. చెన్నై నుంచి ఓడలు ఎక్కువ. మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు నాలుగు సామానులో వేసుకోండి, వాటిలో బట్టలూ పుస్తకాలూ నింపితే తేమ తగలదు, దిగాక అవే నీళ్లకు పనికొస్తాయి. మొదట ఒక నెల అతిథి గృహంలోనో, స్నేహితుల దగ్గరో ఉండి, మార్చిలో ఇల్లు వెతకండి. వానాకాలంలో అన్ని ఇళ్లూ నీళ్లున్న ఇళ్లే. నచ్చిన ఇల్లు దొరికినప్పుడు యజమాని మాట సరేగానీ, వాల్వు తిప్పిన మర్నాడు వెళ్లి సంప్ మూత ఎత్తించి లోపలికి తొంగిచూడండి.